మొదటి పిస్టల్: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: ఆంటీ, నాకు 22 ఏళ్లు. నర్సింగ్ పూర్తిచేసి హ్యూస్టన్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాను. ఎక్కువగా నైట్ డ్యూటీలే. తెల్లవారుజామున పార్కింగ్ గరాజ్‌లో కారు దాకా ఒంటరిగా నడవాలంటే టెన్షన్‌గా ఉంటుంది. అందుకే ఒక హ్యాండ్‌గన్ కొనుక్కోవాలనుకుంటున్నాను. కిందటేడు సిటిజన్‌షిప్ వచ్చింది. అన్నయ్య పాయింట్ 45, అంటే పెద్ద తూటా పిస్టల్, కొనమంటున్నాడు. షాపులో ఆయన పర్సులో పట్టే చిన్న పాయింట్ 380 చూపించి, ఆడపిల్లలంతా ఇదే తీసుకుంటారన్నాడు. అలాంటిదే మా ఫ్రెండ్ దగ్గర ఉంటే కాల్చి చూశాను. చెయ్యి నొప్పెట్టింది, స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి లాగే భాగం) లాగడం అసలు నా వల్ల కాలేదు. నా బడ్జెట్ 800 డాలర్లు. అపార్ట్‌మెంట్‌లో నాతో పాటు హెచ్‌-1బీ మీద ఉన్న ఫ్రెండ్ ఉంటోంది. సంక్రాంతికి అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి కొన్ని నెలలు ఉంటుంది. ఏది కొనమంటారు?

జవాబు: చూడమ్మా, ఏ పిస్టల్ అన్నది తర్వాత. అది ఎక్కడ ఉంటుందో ముందు తేల్చుకో. మిగతావన్నీ దాన్ని బట్టే తేలతాయి.

నీ భయం పార్కింగ్ గరాజ్ దగ్గర. టెక్సస్‌లో 21 నిండినవాళ్లు, చట్టప్రకారం అడ్డంకులేవీ లేకపోతే, లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చని 2021 సెప్టెంబర్ 1 నుంచి చట్టం వచ్చింది. ఆ మాట పట్టుకుని చాలామంది ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చనుకుంటారు. ఆసుపత్రి రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప ఆసుపత్రి భవనంలోకి తుపాకీ తీసుకెళ్లడాన్ని అదే టెక్సస్ చట్టం నిషేధిస్తుంది. పైగా ఉద్యోగులకు ఆసుపత్రి సొంత నిబంధనలు వేరే ఉంటాయి. అంటే నువ్వు డ్యూటీలో ఉన్న పన్నెండు గంటలూ పిస్టల్ కారులోనే ఉండాలి. డ్యూటీ దిగి నువ్వు భయపడే ఆ నడక నడిచేటప్పుడు అది నీ దగ్గర ఉండదు, కారులో ఉంటుంది. ఆ పన్నెండు గంటల్లో ఎవడైనా అద్దం పగలగొడితే వాడి చేతికి చిక్కుతుంది. కార్లలోంచి తుపాకులు పోవడం ఈ దేశంలో చాలా పెద్ద సమస్య. అలా పోయిన తుపాకీ ఎవరి మీదికి లేస్తుందో మనం ఊహించలేం.

కాబట్టి గరాజ్ సమస్యకు పిస్టల్ జవాబు కాదు. పెద్ద ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఫోన్ చేస్తే సెక్యూరిటీ గార్డు కారు దాకా తోడు వస్తాడు. మీ యూనిట్‌లో ఛార్జ్ నర్సుని అడుగు. మొహమాటపడకు. నువ్వు అడిగితే నీ తర్వాత చేరే పిల్లలు కూడా ధైర్యంగా అడుగుతారు. షిఫ్టు దిగే నలుగురూ కలిసి నడిచినా చాలు.

ఇది విన్నాక కూడా పిస్టల్ కావాలనిపిస్తే, అది ఇంట్లో ఉండే పిస్టల్, షూటింగ్ రేంజ్‌లో నేర్చుకునే పిస్టల్ అవుతుంది. అప్పుడు పర్సులో పట్టాలన్న లెక్కే అక్కర్లేదు. ఈ ఒక్క షరతు పోగానే నీ పని చాలా తేలికవుతుంది.

చిన్న తుపాకీ అంటే తేలిగ్గా కాల్చవచ్చని అందరూ అనుకుంటారు. నేను ఆడపిల్లలకీ పెద్దవాళ్లకీ చాలా ఏళ్లుగా నేర్పుతున్నాను. క్లాసుకి వచ్చేవాళ్లలో సగం మంది మనసులో ఉండే మాట ఇదే. జరిగేది దీనికి పూర్తిగా ఉల్టా. ఒకే తూటా తేలికైన తుపాకీలోంచి పేలితే ఎక్కువ తన్నుతుంది, బరువైన తుపాకీలోంచి పేలితే ఆ బరువే కొంత దెబ్బ తీసుకుంటుంది. పర్సుల్లో పెట్టుకునే పాయింట్ 380లు కొన్ని ఖాళీగా 300 గ్రాములు కూడా ఉండవు. పిడి పొట్టి కాబట్టి చిటికెన వేలికి పట్టు దొరకదు. బ్యారెల్ (గొట్టం) పొట్టి కాబట్టి గురి చూసే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం తక్కువ, గురిలో చిన్న తేడా ఉన్నా తూటా బాగా పక్కకు పోతుంది. స్లైడ్ చిన్నది కాబట్టి చెయ్యి ఆనించడానికి చోటుండదు, చాలా మోడళ్లలో లోపలి స్ప్రింగ్ కూడా గట్టిగా ఉంటుంది. నీ చెయ్యి నొప్పెట్టడంలో నీ తప్పేమీ లేదు. అవి బాగా సాధన ఉన్నవాళ్లు దాచుకుని తిరగడానికి చేసినవి, నేర్చుకునేవాళ్ల కోసం కావు.

చిన్న రివాల్వర్ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు, స్లైడ్ గొడవ ఉండదు కదా అని. ఉండదు నిజమే. కానీ అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న అయిదు తూటాల చిన్న రివాల్వర్ అర కిలో కూడా తూగదు, దాని ట్రిగ్గర్ పది పన్నెండు పౌండ్ల బరువుతో చాలా దూరం లాగాలి. అంత లాగుడులో కొత్తవాళ్ల గురి కదిలిపోతుంది.

ఇక అన్నయ్య చెప్పిన పాయింట్ 45. ఆ తూటా మంచిదే, కాదనను. అయితే ఎఫ్‌బీఐ కథ అన్నయ్యకి చెప్పు. 1986లో మయామిలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయాక ఆ సంస్థ పెద్ద తూటాల కోసం వెతికింది. ముందు 10 ఎంఎం, తర్వాత పాయింట్ 40. చివరికి మళ్లీ 9 ఎంఎంకే వచ్చి, 2016లో ఆ సైజు పిస్టళ్లకే కాంట్రాక్టు ఇచ్చింది. ఈలోగా 9 ఎంఎం తూటాలు బాగా మెరుగయ్యాయి. తన్ను తక్కువ కాబట్టి ఎక్కువ మంది దానితో వేగంగా, గురిగా కాల్చగలుగుతారు. ధర కూడా చూడు. అభ్యాసానికి వాడే మామూలు 9 ఎంఎం తూటాలు పాయింట్ 45, పాయింట్ 380 కన్నా చవక. తూటా ఖరీదయితే రేంజ్‌కి వెళ్లడం తగ్గుతుంది. వెళ్లడం తగ్గితే ఎంత గొప్ప పిస్టలైనా నీ చేతిలో భద్రం కాదు.

అందుకే నా సలహా: 9 ఎంఎంలో, నాలుగంగుళాల బ్యారెల్ ఉన్న మధ్య సైజు పిస్టల్. గ్లాక్ 19 ఆ సైజుకి అందరూ చెప్పే ఉదాహరణ. 15 తూటాలు పడతాయి, ఇది 1988 నుంచి వస్తోంది కాబట్టి విడిభాగాలూ, నేర్పేవాళ్లూ ఎక్కడైనా దొరుకుతారు. స్లైడ్ నీకు పెద్ద చిక్కయితే స్మిత్ అండ్ వెసన్ వాళ్ల షీల్డ్ ఈజీ 9 ఎంఎం చూడు. చేతి బలం తక్కువున్నవాళ్ల కోసమనే చేశారు, 2020లో వచ్చింది, 8 తూటాలు. వాల్తర్ కంపెనీ 2022లో తెచ్చిన పీడీపీ-ఎఫ్ ఆడవాళ్ల చేతి కొలతలు చూసి చేసిన పిస్టల్. అందులో ట్రిగ్గర్ దూరం తగ్గించారు, స్లైడ్ తేలిగ్గా కదిలేలా చేశారు. ఈ మూడూ అద్దెకిచ్చే రేంజ్ హ్యూస్టన్‌లో వెతికితే దొరుకుతుంది. మూడూ కాల్చకుండా మాత్రం కొనకు.

చేతికి సరిపోయిందా లేదా తెలుసుకోవడం ఇలా. ముందు తుపాకీ ఖాళీగా ఉందని షాపువాళ్లు చూసినా నువ్వూ చూడు. తూటాలుండే మ్యాగజీన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, లోపల గది ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమి చూడు. తర్వాత బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే కండ పిడికి పైభాగంలో, స్లైడ్ కిందికి బాగా ఆనేలా పట్టుకో. అలా పట్టుకున్నప్పుడు పిస్టల్ నీ ముంజేతి ఎముకతో ఒకే గీతలో ఉండాలి. చెయ్యి తిప్పకుండా చూపుడు వేలి చివరి మెత్తని భాగం ట్రిగ్గర్ మధ్యకి అందాలి. అందడానికి పిడిని పక్కకి తిప్పాల్సి వస్తే అది నీకు పెద్దది. చాలా కొత్త పిస్టళ్ల పెట్టెలో పిడి వెనక మార్చుకునే ముక్కలు రెండు మూడు సైజులు ఇస్తారు, చిన్నది వేయించుకుని మళ్లీ పట్టుకో. మ్యాగజీన్ వదిలే బటన్‌కి బొటనవేలు అందుతుందా అన్నదీ చూడు.

స్లైడ్ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తమ చేతుల్లో బలం లేదని తీర్మానించుకుని నిరాశపడే ఆడపిల్లలు నాకు తరచూ కనిపిస్తారు. చాలామంది పిస్టల్‌ని చేతులు చాచి దూరంగా పట్టుకుని, రెండు వేళ్లతో స్లైడ్‌ని గిల్లినట్టు పట్టి లాగుతారు. అలా మగవాళ్లకైనా కష్టమే. పిస్టల్‌ని పొట్ట ముందుకి దగ్గరగా తెచ్చుకో. గొట్టం మాత్రం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, పక్కనున్న మనిషి వైపు తిరక్కూడదు. ఎడమ అరచెయ్యి మొత్తం స్లైడ్ వెనక భాగం మీద వేసి నాలుగు వేళ్లతో గట్టిగా బిగించు. ఇప్పుడు స్లైడ్‌ని లాగడం కన్నా, కుడిచేత్తో పిడిని ముందుకి తోస్తున్నాననుకో. రెండు భుజాల బలమూ వస్తుంది. వెనక్కి వెళ్లిన స్లైడ్‌ని చేత్తో నెమ్మదిగా దించకు, వదిలేయ్. నువ్వు కొత్త పేషెంట్‌ని మంచం మీద జరిపేటప్పుడు చేతులతో కాక ఒళ్లంతా ఉపయోగించి జరుపుతావు కదా, అదే పద్ధతి ఇది. ఈ పట్టు నేర్చుకున్నాక కూడా కష్టంగా ఉంటేనే షీల్డ్ ఈజీ వైపు వెళ్లు.

800 డాలర్లూ పిస్టల్ మీదే పెట్టకు. నేను చెప్పిన రకాలు కొత్తవి అంతకన్నా తక్కువకే దొరుకుతాయి. పోలీసు శాఖలు మార్చేసిన పాత గ్లాక్‌లు ఇంకా తక్కువకే వస్తాయి, నమ్మకమైన షాపులో అయితే అవి మంచి బేరం. మిగిలిన డబ్బులో మొదటి వాటా పిస్టల్‌ని దాచే తాళం పెట్టెకి, అంటే లాక్ బాక్సుకి. రెండోది ఒక బేసిక్ క్లాసుకి. మూడోది చెవులకీ కళ్లకీ. పిస్టల్ చప్పుడు 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది, 140 దాటిన ఒక్క చప్పుడు చాలు వినికిడి దెబ్బతినడానికి. నాలుగు గోడల మధ్య రేంజ్ అయితే చెవిలో ప్లగ్గులూ, వాటి మీద మఫ్‌లూ రెండూ పెట్టుకో. సీసం పొగ ఉంటుంది కాబట్టి అక్కడేమీ తినకు. బయటికి రాగానే చేతులూ మొహమూ చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కో.

కొనే రోజు షాపులో తుపాకీ కొనేవాళ్లు నింపే ఫెడరల్ ఫారం 4473 నింపాలి, ఆ వివరాలతో ఎఫ్‌బీఐ నడిపే ఎన్‌ఐసీఎస్ అనే తనిఖీ వ్యవస్థలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. కొత్త ఉద్యోగం, కొత్త అపార్ట్‌మెంట్ కదా, డ్రైవింగ్ లైసెన్సు మీద ఇప్పటి అడ్రసు ఉందో లేదో ముందే చూసుకో. పాత అడ్రసుతో వెళ్లి వెనక్కి తిరిగొచ్చేవాళ్లు చాలామంది.

ఇప్పుడు నీ ఇంట్లో ఉన్నవాళ్ల సంగతి. నీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. హెచ్‌-1బీ, ఎఫ్‌-1, విజిటర్ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు ఈ దేశంలో తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి, అవి నీ ఇంటికి సంబంధించినవి కావు. కాబట్టి నీ ఫ్రెండ్‌కి పెట్టె కోడ్ చెప్పకు. అత్యవసరానికి ఉంటుందిలే అని కూడా చెప్పకు. సరదాకి రేంజ్‌కి తీసుకెళ్లి ఆ అమ్మాయి చేతిలో పిస్టల్ పెట్టకు. ఒక ఫొటో కోసం తన వీసా, తన భవిష్యత్తు చిక్కుల్లో పడతాయి. అమ్మకీ ఇదే వర్తిస్తుంది. ఇల్లు సర్దుతూ సొరుగులో దొరికిన పిస్టల్‌ని అమ్మ తీసి పక్కన పెట్టే పరిస్థితి రాకూడదు. అసలు ఒకే ఇంట్లో ఉంటూ ఆ అమ్మాయికి చెప్పకుండా కొనడం న్యాయం కాదు, ముందే చెప్పు. అమ్మకి కూడా విమానం ఎక్కకముందే చెప్పు. తిడుతుంది, భయపడుతుంది. వచ్చాక తనంతట తాను కనుక్కోవడం కన్నా అది నయం.

పెట్టె గోడకో మంచానికో బిగించేది కావాలి. నేనైతే బటన్లు నొక్కి తెరిచేది తీసుకోమంటాను. ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటున్నాయని 2023లో కొన్ని వేలిముద్ర సేఫ్‌లను ఇక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ వెనక్కి పిలిపించింది. అపార్ట్‌మెంట్‌లో ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. మన గోడలు జిప్సం బోర్డులు. 9 ఎంఎం తూటా వాటిని దాటుకుని పక్కింటి పడకగదిలోకి పోగలదు. తాకితే విచ్చుకునే హాలో పాయింట్ తూటాలు వాడితే ఈ ప్రమాదం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. నీ గదిలో నిలబడి ఏ వైపు గోడ వెనక ఎవరు పడుకుంటారో ఇప్పుడే చూసి పెట్టుకో. రాత్రి చప్పుడైతే తలుపు గడియ వేసుకుని అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యడమే మొదటి పని. ఆ చప్పుడు నీళ్ల కోసం లేచిన అమ్మది కావచ్చు, ఆలస్యంగా వచ్చిన ఫ్రెండ్‌ది కావచ్చు. ఎవరో తెలియకుండా ట్రిగ్గర్ మీదికి వేలు పోకూడదు.

ప్రశ్న: మేడం, నాకు 19. పిస్టల్ కొనాలంటే 21 నిండాలని షాపులో అన్నారు. నా డబ్బులిచ్చి నాన్నగారితో కొనిపించుకోవచ్చా?

జవాబు: వద్దు బాబూ. లైసెన్సున్న షాపులు 21 లోపు వాళ్లకి హ్యాండ్‌గన్ అమ్మకూడదన్నది 1968 నాటి ఫెడరల్ చట్టం. దాని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి, అవి తేలేదాకా షాపువాళ్లు చెప్పిందే పాటించు. నువ్వు అడిగిన దారి మాత్రం నేరం. ఫారం 4473లో ఈ తుపాకీ అసలు కొనుగోలుదారు మీరేనా అని అడుగుతారు. నీ డబ్బుతో నీ కోసం కొంటూ నాన్నగారు అవునని సంతకం పెడితే అబద్ధం. ఇంతకుముందు పోలీసుగా పనిచేసిన ఒకాయన తన అంకుల్ దగ్గర డబ్బు తీసుకుని ఆయన కోసం గ్లాక్ 19 కొన్నాడు. ఆ అంకుల్‌కి తుపాకీ కొనుక్కునే హక్కు పూర్తిగా ఉంది. అయినా అది నేరమేనని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. 2022లో వచ్చిన చట్టంతో, కొనకూడని వాళ్ల కోసం కొనిపెట్టడం లాంటి వాటికి శిక్ష 15 ఏళ్ల దాకా పెరిగింది. నాన్నగారు తన డబ్బుతో నిజమైన కానుకగా ఇవ్వడం వేరు. అది చెల్లుతుందా లేదా అన్నది మీ రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండేళ్లలో ఒక మంచి కోచ్ దగ్గర పాయింట్ 22 పిస్టల్‌తో నేర్చుకో. దాదాపు తన్నదు, తూటాలు చవక. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు చెయ్యి కదలకుండా ఉండటం దాని మీద వచ్చినంత బాగా ఇంకెక్కడా రాదు.

ప్రశ్న: మేడం గారూ, మాది అట్లాంటా దగ్గర. మాకు గ్రీన్‌కార్డు ఉంది. మా అబ్బాయికి 24 ఏళ్లు, మాతోనే ఉంటాడు. ఆరు నెలల కిందట పిస్టల్ కొన్నాడు. ఈ మధ్య ఉద్యోగం పోయింది, కుదిరిన సంబంధం కూడా తప్పిపోయింది. గదిలోంచి బయటికి రావడం లేదు, సరిగ్గా తినడం లేదు. పిస్టల్ గురించి అడిగితే మమ్మల్ని అనుమానిస్తున్నారా అంటాడేమోనని భయంగా ఉంది.

జవాబు: అడగండమ్మా. ఈ పత్రిక పక్కన పెట్టి ఇవాళే అడగండి. "నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగవచ్చు. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఎవరో ఒకరు అడిగినందుకు గుండె బరువు తగ్గిందనే చాలామంది చెబుతారు.

2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 మంది తమను తామే కాల్చుకున్నవాళ్లు. దొంగల గురించి మాట్లాడుకున్నంతగా దీని గురించి మన ఇళ్లలో మాట్లాడుకోం. చచ్చిపోవాలన్న తీవ్రత చాలామందిలో కొద్ది సేపే ఉంటుంది, ఆ సేపట్లో చేతికి ఏది అందుతుందన్నదే ప్రాణాన్ని నిలబెడుతుంది లేదా తీసుకుపోతుంది. తుపాకీతో ప్రయత్నించినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా చనిపోతారు. ప్రయత్నించి బతికి బయటపడినవాళ్లలో పదికి తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే మీరు చెయ్యాల్సింది తెలుస్తుంది. ఈ కొన్ని నెలలు పిస్టల్ ఆ ఇంట్లో ఉండకూడదు.

వాడి చేతిలోంచి లాక్కోవద్దు, వాడితో మాట్లాడే చెయ్యండి. "నీ పిస్టల్ నీదే. నువ్వు కోలుకునేదాకా వేరేచోట పెడదాం" అనండి. సిటిజన్ లేదా గ్రీన్‌కార్డు ఉన్న, మీ రాష్ట్రంలోనే ఉండే నమ్మకమైన బంధువు దగ్గర ఉంచవచ్చు. కొన్ని షాపులూ రేంజ్‌లూ డబ్బు తీసుకుని భద్రపరుస్తాయి, ఫోన్ చేసి అడగండి. తూటాలు కూడా పంపేయండి. తీసేటప్పుడు వాడి చేత కాకుండా, వాడకం తెలిసిన ఇంకొకరి చేత ఖాళీ చేయించండి. వేరేచోటికి పంపడం ఈ రాత్రికి కుదరకపోతే పెట్టెలో పెట్టి కోడ్ మార్చి, కొత్త కోడ్ మీ దగ్గరే ఉంచుకోండి. తూటాలు మీ కారు డిక్కీలో తాళం వేసి పెట్టండి.

ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకి సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యండి, వాడే చెయ్యాలని లేదు, తల్లిగా మీరు చేసినా మాట్లాడతారు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఇంగ్లిష్ ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్‌ని ఇస్తారు. ఉద్యోగంతో పాటు ఇన్సూరెన్స్ కూడా పోయి ఉంటే డాక్టర్ ఖర్చు గురించి వెనకాడతాడు, అది కూడా వాళ్లనే అడగండి, దగ్గర్లో తక్కువ ఫీజుతో చూసే చోట్లు చెబుతారు. వాడు చచ్చిపోతానని అన్నా, పిస్టల్ ఇవ్వనని గది తలుపు వేసుకున్నా 911కి చేసి, ఇంట్లో తుపాకీ ఉందని మొదటి మాటగా చెప్పండి.

పిస్టల్ మళ్లీ ఇంటికి ఎప్పుడు రావాలన్నది మీరూ, మీ అబ్బాయీ, వాణ్ణి చూసే డాక్టరూ కూర్చుని మాట్లాడుకున్నాకే తేల్చండి. ఉద్యోగం వచ్చిందన్న ఒక్క కారణంతో ఇచ్చేయకండి.